సోషల్ యాంగ్జయిటీ ఉన్న 16 ఏళ్ల కథానాయిక "ఏమీ చేయడం లేదు" అంటున్నారు, ఎలా దిద్దుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. టీనేజి పాఠకుల కోసం నవల రాశారు. కథానాయికకు 16 ఏళ్లు, సోషల్ యాంగ్జయిటీ, అంటే నలుగురూ తనను చూసి తప్పుపడతారేమో అన్న తీవ్రమైన భయం ఉంది. క్లాసులో చెయ్యెత్తదు, ఎవరైనా పలకరిస్తే బిగుసుకుపోతుంది, స్నేహితురాలి పుట్టినరోజుకు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి మానేస్తుంది. చివరి అధ్యాయంలో వేదిక ఎక్కి అనర్గళంగా ప్రసంగిస్తుంది. చదివిన ముగ్గురూ ఒకే మాట అన్నారు: అమ్మాయి మీద జాలి కలుగుతోంది గానీ ఆమె ఏమీ చేయదు, చివరి ప్రసంగం నమ్మబుద్ధి కాలేదు. ఆమెను కాస్త ధైర్యవంతురాలిగా మార్చాలా, లేక కథను మరో పాత్ర వైపు నుంచి చెప్పాలా అని అడుగుతున్నారు.

రెండూ వద్దు. మీ అమ్మాయి ఊరికే కూర్చోలేదు. ఆమె పొద్దున లేచింది మొదలు చేస్తున్న పనిని మీరు కాగితం మీద పెట్టలేదు, అంతే. సోషల్ యాంగ్జయిటీ ఉన్న మనిషి రోజంతా చాకిరీ చేస్తుంది. ఆ చాకిరీ పేరు దాచుకోవడం. భయాన్ని వర్ణించిన పేజీల్లో సగం కొట్టేసి, దాచుకోవడానికి ఆమె పడే పాట్లను, అందువల్ల పోగొట్టుకునేవాటిని రాయండి. నవల నడక మారుతుంది. చివరి ప్రసంగాన్ని కూడా అక్కడి నుంచి తీసేయమనే అంటాను, కానీ మీ పాఠకులు చెప్పిన కారణంతో కాదు. ఆ సంగతి తర్వాత.

18 ఏళ్లుగా కిశోర నవలల రాతప్రతులు దిద్దుతున్నాను. అంతకన్నా ముఖ్యం, ఆ వయసులో నాకూ ఇది ఉండేది. హాజరు పిలిచేటప్పుడు నా పేరుకు పది పేర్ల ముందు నుంచే "ప్రెజెంట్" అన్న ఒక్క మాటను లోలోపల సాధన చేసేవాణ్ని. ముందే గొంతు సవరించుకోవాలా? సవరించుకుంటే పక్కవాడు తిరిగి చూస్తాడా? సవరించుకోకపోతే గొంతు కీచుమంటుందా? నా తర్వాతి పేరు పిలిచేదాకా ఊపిరి ఆడేది కాదు. మా మాస్టారికి కనిపించింది మాత్రం బల్ల మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న కుర్రవాడు. మీ ముగ్గురు పాఠకులూ ఆ మాస్టారు కూర్చున్న చోటే కూర్చున్నారు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టింది మీరు.

ముందుజాగ్రత్తలే కథ

ఈ భయం ఏళ్ల తరబడి ఎందుకు తగ్గదో వివరిస్తూ 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక నమూనా ప్రతిపాదించారు. రచయితలు ఒక్క సిద్ధాంతమే చదవదలచుకుంటే నేను చెప్పేది ఇదే, ఎందుకంటే అందులో ప్లాటు ఉంది. వాళ్లు చెప్పిన ముఖ్యమైన సంగతి: భయపడే మనిషి తన పరువు పోకుండా చిన్నచిన్న ముందుజాగ్రత్తలు తీసుకుంటుంది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటుంది, చెయ్యి వణికినా కనపడకుండా. చెప్పబోయే వాక్యాన్ని మూడుసార్లు మనసులో అనుకుంటుంది. ఎదుటివాళ్లు అడిగేలోపు తానే వరుసగా ప్రశ్నలు అడుగుతుంది, తన గురించి చెప్పే అవసరం రాకుండా. గదిలో తలుపు పక్కన కూర్చుంటుంది. నవ్వు రాకపోయినా అందరితోపాటు నవ్వుతుంది.

అసలు కథంతా దీని తర్వాత ఉంది. ఈ ముందుజాగ్రత్తలు చాలాసార్లు దేనికి భయపడిందో దాన్నే తెచ్చిపెడతాయి. చెమట కనపడకూడదని మందపాటి స్వెటర్ వేసుకుంటే ఇంకా చెమట పడుతుంది. తన వాక్యాన్ని సాధన చేసుకుంటూ ఉంటే ఎదుటివాడు చెప్పింది చెవిన పడదు, జవాబు పొంతన లేకుండా వస్తుంది. కళ్లలోకి చూడకపోతే పొగరు అనుకుంటారు. ఒకవేళ అంతా సవ్యంగా జరిగితే? ఆ ఘనత ముందుజాగ్రత్తకు పోతుంది. "గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను" అనుకుంటుంది. కాబట్టి మంచి అనుభవాల నుంచి కూడా ఆమె ఏమీ నేర్చుకోదు. కథకు కార్యకారణాలు కావాలని మనం అంటుంటాం కదా, ఇంతకన్నా గట్టి గొలుసు ఎక్కడ దొరుకుతుంది? ఆమె ఎత్తు వేసింది, ఎత్తు పారింది, పారినందువల్లే మరింత ఇరుక్కుంది. ఏమీ చేయని పాత్రకు ఇలా జరగదు.

ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట 15 ఏళ్ల కుర్రవాడి కథ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. మొదటి యాభై పేజీలూ గుండె దడ, అరచేతుల్లో చెమట, ఎండిన గొంతు. నాకు కునుకు పట్టే వేళకు ఒక వాక్యం తగిలింది: ఏ వేడుక జరిగినా ఫొటోలు తీసే పని వాడే అడిగి తీసుకుంటాడు. రచయిత్రి ఆ మాట యథాలాపంగా రాసి ముందుకు వెళ్లిపోయారు. ఫోన్ చేసి, ఎందుకు తీసుకుంటాడని అడిగాను. "కెమెరా పట్టుకున్నవాడితో ఎవరూ మాట్లాడరు కదండీ" అన్నారు. మరి ఆ ఫొటోల్లో వాడు ఎన్నింటిలో ఉంటాడు అన్నాను. అవతలి వైపు చాలాసేపు చప్పుడు లేదు.

తిరగరాసిన ప్రతిలో కథ అక్కడి నుంచే పుట్టింది. చదువు ముగిసి అందరూ విడిపోయే ముందు మిత్రబృందం ఫొటోలన్నీ ఒక ఆల్బమ్‌గా చేస్తుంది. నాలుగేళ్ల ఫొటోలు. వాడు ఒక్కదానిలోనూ లేడు. ఒక అమ్మాయి ఆ ఆల్బమ్ తిరగేస్తూ, మనసులో ఏమీ లేకుండా, "నువ్వు ఈ రోజు రాలేదు కదూ?" అంటుంది. ఆ ఫొటో తీసింది వాడే. కొత్త ప్రతిలో గుండె దడ రెండే రెండు చోట్ల ఉంది. మొదటి ప్రతి చదివి నిద్రపోయిన నేను, ఈ ప్రశ్న దగ్గర పుస్తకం మూసి కాసేపు లేచి తిరిగాను.

మీ కథానాయిక ఎత్తుగడలు ఏమిటి? ఒక కాగితం మీద ఇరవై రాయండి. మొదటి పది ఎవరికైనా తడతాయి, వాటిని వదిలేయండి. పదకొండో దాని నుంచి మీ అమ్మాయి కనపడటం మొదలవుతుంది.

గుండె దడ గురించి ఇంకొంచెం

శరీర లక్షణాలు అసలు రాయవద్దని కాదు. ఒకటి ఎంచుకోండి, దానికి చరిత్ర ఇవ్వండి. మొహం ఎర్రబడటం తీసుకోండి. 1872లోనే చార్లెస్ డార్విన్ దాని గురించి విస్తారంగా రాశాడు. మనిషి హావభావాలన్నిటిలోనూ విచిత్రమైనది, అన్నిటికన్నా మానవసహజమైనది ఇదేనన్నాడు. ఎదుటివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారో అన్న ఆలోచనే దాన్ని రేపుతుందన్నాడు. ఇక్కడ రచయితకు పనికొచ్చే మెలిక ఒకటి ఉంది: మొహం ఎర్రబడుతుందేమో అన్న భయమే మొహాన్ని ఎర్రబరుస్తుంది. గుండె దడను ఎవరూ చూడలేరు, దాచనక్కర్లేదు. ఎర్రబడిన మొహాన్ని, వణికే చేతిని, తడబడే గొంతును దాచాలి. దాచవలసిన లక్షణాన్నే ఎంచుకుంటే దానితోపాటు పనీ పుడుతుంది.

మరొక పొరపాటు తరచుగా చూస్తాను. సోషల్ యాంగ్జయిటీ అనగానే పాత్రను బాత్రూము నేల మీద కూలబడేసి, ఊపిరాడక కొట్టుకునేలా రాస్తారు. ఈ సమస్య ఉన్నవాళ్లకు కూడా అలాంటి దాడి రావచ్చు, కానీ భయం రుచి వేరు. ఇలాంటి దాడులు పదేపదే వచ్చే పానిక్ డిజార్డర్‌లో "చచ్చిపోతానేమో" అన్న భయం ముందుంటుంది. ఇక్కడ "చూస్తారేమో" అన్నది ముందుంటుంది. మీ అమ్మాయి నేల మీద కూలబడ్డప్పుడు కూడా తలుపు కింది సందులోంచి ఎవరి చెప్పులైనా కనిపిస్తున్నాయా అని చూస్తుంది.

"ఏమో" ఎప్పుడు రాలిపోతుంది?

సంఘటన జరిగే రెండు నిమిషాల మీదే మీ దృష్టంతా ఉందని నా అనుమానం. ఈ భయం ఎక్కువ కాలం గడిపేది దానికి ముందు, దాని తర్వాత. క్లార్క్, వెల్స్ నమూనాలో ఈ రెంటికీ ప్రత్యేక స్థానం ఉంది: జరగబోయేదాన్ని ముందే తవ్వుకోవడం, జరిగిపోయినదాన్ని మళ్లీమళ్లీ నెమరేసుకోవడం. శుక్రవారం ఐదు నిమిషాల పని ఉంటే సోమవారం నుంచి నిద్ర పట్టదు, ఆ తర్వాతి బుధవారం దాకా శాంతి ఉండదు. ఆ ఐదు నిమిషాలు నవలలో ఒక పేరా చాలు.

తెలుగులో రాస్తున్నవాళ్లకు ఇక్కడ ఒక వరం ఉంది. అది "ఏమో". చూశారేమో, నవ్వారేమో, అనుకుంటున్నారేమో. అనుమానాన్ని క్రియకే అతికించే ఇంత చిన్న ముక్క మన చేతిలో ఉండగా "ఆమె ఆందోళన చెందింది" అని రాయడం నాకు నచ్చదు. నెమరేసుకునే క్రమంలో ఆ "ఏమో" ఎలా కరిగిపోతుందో చూడండి:

మధ్యాహ్నం: వాళ్లు నన్ను చూసి నవ్వారేమో.
సాయంత్రం: నన్ను చూసే నవ్వి ఉంటారు.
రాత్రి: నన్ను చూసే నవ్వారు.
మర్నాడు పొద్దున: అందరూ నవ్వారు.

మధ్యలో కొత్త సాక్ష్యం ఒక్కటీ రాలేదు. ఒక ప్రత్యయం రాలిపోయింది, ఒక "ఏ" వచ్చి చేరింది, కొందరు అందరయ్యారు. దీన్ని వివరించకుండా, నాలుగు చోట్ల నాలుగు వాక్యాలుగా, వేర్వేరు పనుల మధ్య చల్లండి. టీనేజి పాఠకులు పట్టుకుంటారు. పట్టుకోలేని పాఠకులు కూడా కారణం తెలియకుండానే ఉక్కిరిబిక్కిరి అవుతారు.

"నిన్నెవరూ చూడటం లేదు, ఊరికే ఊహించుకుంటున్నావు" అనే శ్రేయోభిలాషి ప్రతి రాతప్రతిలోనూ ఒకరుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. 2000లో థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. వేసుకోవడానికి మొహమాటపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థులను తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. గదిలో సుమారు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. నిజానికి గమనించింది నాలుగో వంతు మంది. ఇది చదివి ఊరట పొందేవాళ్లు మామూలు మనుషులు. మీ కథానాయిక చదివితే ఏమంటుందో తెలుసా? "అయితే నలుగురిలో ఒకరు గమనించారన్నమాట!" ఆ జవాబు ఆమెతో అనిపించండి. శ్రేయోభిలాషి ఓదార్పు ఎందుకు పారదో ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. పైగా పాఠకుడికి నవ్వు వస్తుంది.

నవ్వు గురించి ఎత్తాను కాబట్టి: మీ అమ్మాయి లోపలి గొంతు ఎందుకంత దీనంగా ఉంది? బయట మాట పెగలని మనిషి లోపల కూడా మూగదై ఉండనక్కర్లేదు. గదిలో అందరినీ అంతసేపు అంత జాగ్రత్తగా గమనించేది ఆమె ఒక్కతే. ఎవరు ఎవరిని చూసి అసూయపడుతున్నారో, ఎవరి నవ్వు అరువు నవ్వో ఆమెకు తెలుసు. ఆ గొంతుకు పదును ఉండాలి, అప్పుడప్పుడు అన్యాయంగా కూడా ఉండాలి. తనను అందరూ తూకం వేస్తున్నారని కుమిలిపోయే మనిషి తాను కూడా అందరినీ తూకం వేస్తుందన్న సంగతిని నవల మధ్యలో ఎవరైనా ఆమె మొహం మీద అంటే మంచి సన్నివేశం అవుతుంది.

ఆమెకు ఇది కొత్త కాదు

రోగనిర్ధారణ పుస్తకాల్లోకి ఇది ఆలస్యంగా వచ్చింది. 1966లో ఐజాక్ మార్క్స్, మైకేల్ గెల్డర్ అనే మానసిక వైద్యులు దీన్ని తక్కిన ఫోబియాల నుంచి వేరుచేసి చూపారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో సోషల్ ఫోబియా పేరుతో తన జాబితాలో చేర్చింది. అదే సంస్థ రోగనిర్ధారణ పుస్తకం 2013 సంచిక ప్రకారం భయం, తప్పించుకోవడం సాధారణంగా ఆరు నెలలు లేక అంతకు మించి ఉండాలి, రోజువారీ జీవితం దెబ్బతినాలి. పిల్లల్లో అయితే పెద్దవాళ్ల ముందు మాత్రమే కాకుండా తోటి పిల్లల మధ్య కూడా కనపడాలి. ఇది మీ నవలకు చాలా అవసరం, ఎందుకంటే ఆమె ఉపాధ్యాయుల ముందే బిగుసుకుపోయి, తోటివాళ్లతో హాయిగా ఉంటే అది మరో రకం కథ.

ఆ సంచికే అమెరికాలో ఇది మొదలయ్యే మధ్యస్థ వయసు 13 అంటుంది, నాలుగింట మూడు వంతుల మందిలో 8 నుంచి 15 ఏళ్ల మధ్య మొదలవుతుందని చెబుతుంది. అంటే 16 ఏళ్ల మీ అమ్మాయి ఈ పనిలో ఏళ్ల అనుభవం ఉన్న మనిషి కావచ్చు. ఆమె దగ్గర సాకుల నిల్వ ఉంటుంది. ఏ సాకు ఎవరి దగ్గర ఎన్నిసార్లు వాడిందో లెక్క ఉంటుంది. ఏ మెట్ల దారి ఎప్పుడు ఖాళీగా ఉంటుందో తెలుసు. మీరు ఆమెను ప్రతి సన్నివేశంలోనూ తొలిసారి భయపడుతున్నట్టు రాశారు. తల పండిన దొంగ తాళం తీసేటప్పుడు ఎంత నిబ్బరంగా ఉంటాడో అంత నిబ్బరంగా తప్పించుకోనివ్వండి. తాళం మార్చేసిన రోజు కదా కథ మొదలయ్యేది.

పేరు ఎప్పుడు పెట్టాలి? మొదటి అధ్యాయంలోనే "నాకు సోషల్ యాంగ్జయిటీ" అని చెప్పించారు. వెనక్కు జరపండి. మన భాషలో ఈ చుట్టుపక్కల చాలా మాటలున్నాయి, అవి ఒకటి కావు. బిడియం కాసేపటికి కరుగుతుంది. మొహమాటం ఉన్నవాళ్లు కాదనలేక ఒప్పుకుంటారు. సభాకంపం వేదిక దిగగానే పోతుంది. జంకు కొత్తచోట పుడుతుంది. ముభావం అన్నది ఎదుటివాళ్లు తగిలించే పేరు. ఏళ్ల తరబడి చుట్టూ ఉన్నవాళ్లు ఈ మాటలన్నీ ఆమెకు ఒక్కొక్కటిగా తగిలించి చూసి ఉంటారు, ఏదీ సరిగ్గా కుదరలేదు. ఇక "పొగరు" అన్న మాట ఆమె చెవిన పడటానికి "ట" అనే మరో చిన్న ముక్క ఉంది: "నాకు పొగరట." ఎవరన్నారో తెలియదు, కాబట్టి అందరూ అన్నట్టే. ఇన్ని తప్పుడు పేర్ల తర్వాత అసలు పేరు వినపడితే పాఠకుడికి కూడా తాళం తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుంది.

ఏకాంతం ఇష్టపడే స్వభావంతో దీన్ని కలపకండి. ఒంటరిగా పుస్తకం చదువుకోవడం ఇష్టమై పార్టీకి వెళ్లని అమ్మాయి వేరు, వెళ్లాలని కొట్టుకుపోతూ వెళ్లలేని అమ్మాయి వేరు. రెండో ఆమెకు కోరిక ఉంది. కోరిక ఉంటేనే నవల.

"నేను" అన్న మాటను పొదుపుగా వాడండి

ఇది వ్యాకరణం చిట్కా, నాకు ఇష్టమైనది కూడా. తెలుగులో క్రియ చివరే కర్తను చెబుతుంది, "నేను" రాయనక్కర్లేదు. "లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను" చాలు. మీ నవల ఉత్తమ పురుషలో ఉంది కాబట్టి ఆమె ఒంటరిగానో, తనను తాను మరిచిపోయిన క్షణాల్లోనో ఉన్నప్పుడు "నేను"ను మాయం చేయండి. నలుగురి మధ్యకు రాగానే తిరిగి తెండి: "నేను లేచాను. నా చేతులు పక్కన వేలాడుతున్నాయి. నేను మామూలుగానే నడుస్తున్నాను." భయంలో ధ్యాస ఎదుటివాళ్ల మీద నుంచి తన మీదికి మళ్లుతుంది. వాక్యం కూడా అలాగే బరువెక్కుతుంది. మామూలుగానే నడుస్తున్నానని ఎవరూ అనుకోరు, మామూలుగా నడవలేనివాళ్లు తప్ప.

ఈ భయంతో బాధపడేవాళ్లు ఆ ఘట్టాలను గుర్తు చేసుకునేటప్పుడు తమను తాము బయటి నుంచి, చూసేవాళ్ల కళ్లతో చూస్తుంటారని కూడా పరిశోధకులు గమనించారు. ఒక్కచోట, అవమానం బాగా గుచ్చుకున్న రాత్రి, "నేను" మానేసి "ఆ అమ్మాయి" అని రాయించండి. ఒక్కచోటే. ఎక్కువైతే గారడీలా ఉంటుంది.

సన్నివేశాలు దొరకకపోతే

ఈ భయాన్ని కొలవడానికి 1987లో మైకేల్ లీబోవిట్జ్ అనే మానసిక వైద్యుడు తయారుచేసిన కొలమానం ఒకటి ఉంది. అందులో 24 సందర్భాలున్నాయి: ఇతరుల ముందు ఫోన్ మాట్లాడటం, ఎవరైనా చూస్తుండగా రాయడం, నలుగురిలో తినడం, ఇప్పటికే జనం కూర్చున్న గదిలోకి ప్రవేశించడం వంటివి. ఒక్కోదానికి రెండు అంకెలు వేయాలి, భయానికి ఒకటి, తప్పించుకోవడానికి ఒకటి, 0 నుంచి 3 వరకు. ఆ రెండు అంకెలు వేర్వేరుగా ఉండటమే రచయితకు బంగారం. భయం 3, తప్పించుకోవడం 0 ఉన్న సందర్భం ఏది? అంటే ప్రాణం పోతున్నా ఆమె వదలకుండా వెళ్లేచోటు ఏది, ఎవరి కోసం? ఆ జవాబు మీ దగ్గర ఉంటే "ఏమీ చేయదు" అన్న ఫిర్యాదు మళ్లీ రాదు.

చుట్టూ ఉన్న పాత్రల గురించి క్లుప్తంగా చెబుతాను. ఆమె తరఫున మాట్లాడిపెట్టే స్నేహితురాలు మీ కథలో ఉంది, బాగుంది, కానీ ఆమెను దేవతను చేశారు. ఆ మంచితనం వల్లే మీ అమ్మాయికి మాట్లాడే అవసరం రావడం లేదు. మాట్లాడి మాట్లాడి స్నేహితురాలికి కూడా ఒకరోజు విసుగు పుట్టాలి. ప్రేమించిన అబ్బాయి పక్కన నిలబడగానే భయం ఎగిరిపోయే 14వ అధ్యాయం మాత్రం తీసేయండి. ఇష్టపడ్డ మనిషి ముందు పోయేది ఎక్కువ ఉంటుంది, భయం పెరుగుతుంది. ఫోన్ విషయం చాలామంది ఇప్పటికే రాసేశారు, రాసి చెరిపేసిన సందేశాలను మళ్లీ చూపకపోయినా పర్వాలేదు.

చికిత్స చూపించదలిస్తే, సోఫాలో కూర్చుని ఏడ్చే సన్నివేశం కన్నా నాటకీయమైనవి అందులో ఉన్నాయి. ఈ వయసువాళ్లకు ప్రధానంగా సూచించేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. అవసరాన్ని బట్టి వైద్యులు మందులూ ఇస్తారు, వాటిని విలన్‌గానో మంత్రజలంగానో చూపకండి. ఆ థెరపీలో ప్రయోగాలు చేయిస్తారు. ఉదాహరణకు, కొంచెంసేపు మాట్లాడించి వీడియో తీస్తారు. చూసే ముందు, తాను ఎలా కనిపించి ఉంటుందో చెప్పమంటారు. ఎంత వణికాను, ఎంత ఎర్రబడ్డాను అని ఆమె చెబుతుంది. తర్వాత వీడియో వేస్తారు. తెర మీది అమ్మాయి దాదాపు మామూలుగా ఉంటుంది. ఆ క్షణంలో ఆమెకు సంతోషం మాత్రమే కలుగుతుందని రాయకండి. ఇన్నేళ్లు దేన్ని దాచడానికి అంత చాకిరీ చేశాను అన్న కోపం కూడా రావచ్చు. నాకైతే ముందు వచ్చింది అదే.

ఇక ఆ ప్రసంగం

మీ పాఠకులు అంత త్వరగా ధైర్యం రాదు అన్నారు. నా అభ్యంతరం వేరు: అది తప్పుడు పరీక్ష. రాసుకున్న ప్రసంగంలో ప్రతి మాటా ముందే తెలుసు, ఎవరూ మధ్యలో అడ్డురారు, ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. ముందుజాగ్రత్తలతో బతికే మనిషికి అది కొన్నిసార్లు అందరితో కలిసి భోజనం చేయడం కన్నా తేలిక. వేదిక మీద మాత్రమే భయపడేవాళ్లను వైద్యులు విడిగా గుర్తిస్తారు. మీ అమ్మాయి ఆ రకం కాదు, ఆమెకు భయం పిచ్చాపాటీ అంటే. కాబట్టి ప్రసంగాన్ని నవల మధ్యలోకి తెండి. బాగా చేయనివ్వండి, చప్పట్లు కొట్టించండి. వేదిక దిగాక ఒకమ్మాయి ఎదురొచ్చి "చాలా బాగా మాట్లాడావు, ఈ ఆలోచన ఎలా వచ్చింది?" అంటుంది. దానికి రాసుకున్న జవాబు లేదు. అక్కడ ఆమె పారిపోతుంది. అందరూ ఆమెకు భయం పోయిందని అభినందిస్తున్న రోజునే ఆమె అందరికన్నా ఒంటరి అవుతుంది. మీ రెండో సగానికి కావలసిన ఇంధనం అంతా అందులో ఉంది.

మరి ముగింపు? చిన్నదిగా పెట్టండి. అదే అమ్మాయి మళ్లీ ఎదురుపడుతుంది. మీ కథానాయిక గ్లాసును ఒక చేత్తో పట్టుకుని ఉంటుంది. చెయ్యి కొద్దిగా వణుకుతుంది. నీళ్లు తొణికితే తొణుకుతాయి. ఏదో పొంతన లేని జవాబు చెబుతుంది, ఎదుటి అమ్మాయి నవ్వుతుంది. ఆ రాత్రి పడుకోబోతూ "నవ్వింది" అని కాకుండా "నవ్విందేమో, నాతోపాటే" అనుకుంటే చాలు. పోయిన "ఏమో" తిరిగొచ్చింది. ఆ తేడా కోసం మీరు మొదటి సగంలో నేల దున్ని ఉంటే, పాఠకుడికి చప్పట్ల అవసరం ఉండదు.

తిరగరాయడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, పుట్టినరోజు మానేసిన ఆ అబద్ధం దగ్గర. దాన్ని మీరు రెండు వాక్యాల్లో దాటేశారు. దానికి పదిహేను పేజీలు ఇవ్వండి. కడుపునొప్పి ఎందుకు ఎంచుకుంది, జ్వరం ఎందుకు కాదు? (జ్వరమైతే కొలిచి చూస్తారు.) సందేశం ఎన్ని గంటలకు పంపితే అనుమానం రాదు? ముందురోజు నుంచే నీరసంగా కనిపించడం మొదలుపెట్టిందా? కొనిపెట్టిన కానుకను ఏం చేసింది? వేడుక మొదలయ్యే వేళకు ఎటు చూస్తూ కూర్చుంది? ఆ స్నేహితురాలు మర్నాడు పొద్దున్నే, ఎలా ఉందో చూసిపోదామని, చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు తడితే?